ఖాళీ లేని రిజిస్టరు

ప్రజా సమాచార భాండాగారం, సహాయ విభాగం వారికి ఒక విశ్రాంత ఉద్యోగి నమస్కారాలు.

మీ వెబ్‌సైటులో వారం రోజులుగా వెతుకుతున్నాను. ఫలితం లేదు. రాయి గురించి నాకు చాలా ఏళ్ళుగా బాధ ఉంది. మొదట ‘రాయి’ అని కొట్టాను. తర్వాత ‘నీళ్ళు’ అని కొట్టాను. ముప్పయ్యొక్క సంవత్సరాలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తప్పకుండా వెళ్ళేవాణ్ణి. ఒక్కోసారి జోరుగా వచ్చేది. ఒక్కోసారి సన్నటి ధార. ఎండాకాలంలో చుక్క కూడా ఉండేది కాదు. ఎర్రగా వచ్చిన రోజులూ ఉన్నాయి. ఏ పూటకాపూట రాసి పై అధికారులకి పంపేవాణ్ణి. ఇప్పుడు అవన్నీ ఎక్కడున్నాయో, ఎవరి చేతిలో ఉన్నాయో తెలియక నాకు నిద్ర

* * *

గౌరవనీయులైన విశ్రాంత ఉద్యోగి గారికి,

మీ సందేశం చదివి మనసు చివుక్కుమంది. మా సైటులో ‘మాకు రాయండి’ అనే గడిలో కొన్ని అక్షరాలే పడతాయి కాబట్టి ‘నిద్ర’ దగ్గర తెగిపోయింది. అయినా మీ బాధ పూర్తిగా అర్థమైంది. అదృష్టవశాత్తూ కింద మీ చిరునామా కూడా ఇచ్చారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఇలాంటి సంగతి అందరూ చూసే చోట జవాబుగా పెట్టడం బాగుండదు.

మూత్రపిండాల్లో రాళ్ళ మీద మా దగ్గర పద్నాలుగు డేటాసెట్లు ఉన్నాయి. వయసు, రాయి సైజు, రోజుకి తాగే నీళ్ళు, అన్నీ ఉన్నాయి. పట్టిక జతచేశాను. ముప్పయ్యొక్క ఏళ్ళు మీరు రోజుకి రెండుసార్లు రాసిపెట్టుకోవడం చాలా గొప్ప విషయం. కానీ అయ్యా, అది పై అధికారులకి కాదు, డాక్టరుకి పంపాలి. ఎర్రగా రావడం మంచిది కాదు.

ఇట్లు,
సహాయకురాలు, వెతుకులాట విభాగం

తా.క. మా అధికారి గారికీ ఈ ఇబ్బంది ఉండేదిట. మీకు ధైర్యం చెప్పమన్నారు. ఆయనది బఠాణీ గింజంత. మీది ఎంత?

* * *

వెతుకులాట విభాగం సహాయకురాలికి,

నాది ఇరవై అడుగులు.

అమ్మా, రాయి నా ఒంట్లో లేదు, ఏట్లో ఉంది. దాన్ని కొలరాయి అంటారు. ఏటి మెట్ల పక్కన నిలువునా పాతి, దాని మీద గీతలు చెక్కారు. నీళ్ళు ఏ గీత దాకా ఉన్నాయో పొద్దున ఆరింటికీ, సాయంత్రం ఆరింటికీ చూసి రిజిస్టరులో రాయడం నా ఉద్యోగం. ఎర్రగా వచ్చిందన్నది కొత్త నీరు. మీరు పంపిన పట్టిక మా ఆవిడ కంటపడింది. అప్పట్నుంచి మంచినీళ్ళ చెంబు పట్టుకుని నా వెనకాలే తిరుగుతోంది. నేనెంత చెప్పినా ‘ఆఫీసువాళ్ళు ఊరికే రాస్తారా’ అంటోంది.

సంగతేమిటంటే, మా వీధి లైబ్రరీలో పెద్దవాళ్ళకి ఇంటర్నెట్ నేర్పుతున్నారు. ప్రభుత్వం వాళ్ళ పాత రిజిస్టర్లన్నీ ఇప్పుడు ఆన్‌లైనులో ఉన్నాయని ఆ నేర్పే పంతులమ్మ చెప్పింది. మా రిజిస్టర్లు ఏ చెదపురుగులకో భోజనమైపోయి ఉంటాయని ఇన్నాళ్ళూ నిశ్చింతగా ఉన్నాను. అంటే, ఉంటాయని అనుకున్నాను.

మీ వెతుకుడు పెట్టెకి మర్యాద తెలీదు. మొదటిరోజు ‘నమస్కారమండీ’ అని మొదలుపెట్టి విషయమంతా వివరంగా రాశాను. ‘ఏమీ దొరకలేదు’ అంది. ‘ఏరు’ అని కొడితే చెత్త ఏరుకునేవాళ్ళ సర్వే, పత్తి ఏరే కూలీల సర్వే చూపించింది. ‘మట్టం’ అంటే మట్టం గుర్రాల లెక్క తెచ్చింది. దేశంలో ఇన్ని పొట్టి గుర్రాలున్నాయని నాకిప్పుడే తెలిసింది. పైగా అన్నిటి మీదా ‘దత్తాంశ సమాహారం’ అని ఉంది. దత్తాంశమంటే దత్తత పోయిన అంశమా? నా అంకెల్ని నన్నొక మాటైనా అడక్కుండా ఎవరికి దత్తతిచ్చారు?

ఉన్నాయో లేవో ఒక్క ముక్క రాయండి చాలు.

ఇట్లు,
నీటిమట్టం చదివే పనిలో రిటైరైనవాడు

తా.క. ఈ ఉత్తరం రాసేలోపు నాలుగు చెంబులు తాగాను.

* * *

బాబాయి గారికి,

(‘అయ్యా’ అని రాస్తుంటే అర్జీ పెట్టుకున్నట్టు ఉంది. కోప్పడకండి.)

సిగ్గుతో చచ్చిపోయాను. పిన్నిగారికి నా తరఫున మీరే చెప్పాలి: ఆఫీసువాళ్ళు ఊరికే కూడా రాస్తారు.

మీ అంకెలు ఉన్నాయి! కానీ మీరు జన్మలో కనిపెట్టలేరు. మీరు కొలరాయి అంటారు. మా దగ్గర దాని పేరు ‘ఉపరితల జలమట్ట పరిశీలన, కేంద్రం 417, దైనిక ద్విపర్యాయం’. ఆ పేరు పెట్టినాయన ఏ ఏటి ఒడ్డునా కాళ్ళు తడుపుకుని ఉండడు.

ఈ ఆఫీసులో నా పనే ఇది. జనం డేటా కోసం ఏ మాటలు కొడతారో, ఏది తెరుస్తారో, ఎక్కడ విసిగి వెళ్ళిపోతారో గమనించి నివేదిక రాయాలి. పదిమందిలో ఎనిమిదిమంది రెండు మాటలు కొట్టి, మొదటి పేజీ చూసి, వెళ్ళిపోతారు. దాచినవాడు పెట్టిన పేరు వెతికేవాడికి తెలీదు. వెతికేవాడి నోట్లో ఉన్న మాట దాచినవాడికి తట్టదు. మధ్యలో ఆ పెట్టె చెవిటి పెద్దమనిషిలా ఏదో ఒకటి వినిపించుకుని గుర్రాల్ని తోలుకొస్తుంది.

నిజం ఒప్పుకుంటాను. నేను కూడా వెతికి కనిపెట్టలేదు. జలవనరుల ఆఫీసులో పాత రిజిస్టర్లు టైపు చేసినావిడ ఒకరున్నారు, ఆవిడకి ఫోను చేసి అడిగాను. పెద్దపెద్ద పరిశోధకులు కూడా అంతేనండీ. ఎవరి దగ్గర ఏముందో తెలిసినవాళ్ళని అడుగుతారు. పెట్టెని నమ్ముకుని కూర్చునేది మీలాంటి అమాయకులూ, నాలాంటి జీతగాళ్ళూ.

ఇంకో సంగతి. డేటా దొరికాక అందరూ ముందు చూసేది ‘ఖాళీలు ఎన్ని’ అని. రాసేవాడికి జ్వరమొస్తే ఖాళీ, పెళ్ళికెళ్తే ఖాళీ, బద్ధకిస్తే ఖాళీ. మూడు వందల కేంద్రాల్లో ఒక్కటంటే ఒక్క ఖాళీ లేనిది మీదొక్కటే. ముప్పయ్యొక్క ఏళ్ళు, ఇరవైరెండు వేల ఆరు వందల పైచిలుకు అంకెలు! అందుకే దానికి అయిదు నక్షత్రాల గుర్తిచ్చాం. ఈ జాబు వెనక వెబ్ చిరునామా పెద్ద అక్షరాలతో రాశాను.

నమస్కారాలతో,
సహాయకురాలు

తా.క. డేటాకి మేం పెట్టిన ‘దత్తాంశం’ అనే మాట గురించి మీరు రాసింది మా పదాల కమిటీలో చదివి వినిపించాను. ఎవరూ నవ్వలేదు. ఆ మాట కనిపెట్టినాయన కూడా అక్కడే ఉన్నారు.

* * *

అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

చూశాను. లైబ్రరీలో కూర్చుని వేలితో ఒక్కో గీతా తోసుకుంటూ వెళ్ళాను. నా చేతిరాత లేదుగానీ అంకెలు నావే. పంటినొప్పితో వెళ్ళిన పొద్దులు, గొడుగు ఎగిరిపోయిన సాయంత్రాలు, అన్నీ ఒక్క వరుసలో ఒకే సైజులో నిలబడి ఉన్నాయి. పక్క కుర్చీలో పెద్దమనిషి, మీకేమైనా దుర్వార్తా అని అడిగాడు.

ఒక చిన్న సహాయం కావాలి. ఆరో సంవత్సరం వానాకాలంలో, తొమ్మిదో తారీకు నుంచి పన్నెండో తారీకు దాకా నాలుగు రోజులున్నాయి చూడు. పూటకొకటి చొప్పున ఎనిమిది అంకెలు. ఆ ఎనిమిదీ తీయించాలి. దానికేమైనా దరఖాస్తు ఉంటే పంపు. ఎందుకని మాత్రం అడగొద్దు. ఆ రోజులు నా జీవితంలో ముఖ్యమైనవి. నాలుగో రోజుకి నేను తండ్రినయ్యాను.

చడీ చప్పుడూ లేకుండా అయిపోతే నీ మేలు మర్చిపోను. మూడు వందల కేంద్రాల్లో ఎనిమిది అంకెలు ఎవడు చూడొచ్చాడు?

ఇట్లు,
బాబాయి

తా.క. నక్షత్రాలు అయిదు ఎక్కువేమో. తగ్గించే వీలుంటే నాకేమీ అభ్యంతరం లేదు.

* * *

బాబాయి గారికి, పిన్నిగారికి నమస్కారాలు.

తీయించాను! ఇదిగో, ఈ అట్టపెట్టెలో ఉంది. జాగ్రత్తగా విప్పండి, అద్దం ఉంది.

మామూలు కాగితం మీద తీయిస్తే ఏం బాగుంటుందని, ఆ నాలుగు రోజుల ఎనిమిది అంకెల్నీ బంగారు రంగు అక్షరాలతో తీయించి ఫ్రేము కట్టించాను. 2.10, 2.15, 2.15, 2.20… చూడండి, మీ ఇంట్లో బిడ్డ పుట్టిన రోజుల్లో ఏరు కూడా ఎంత నెమ్మదిగా, ఊయల్లో నీళ్ళలా ఉందో! గోడకి తగిలించుకోవడానికి వెనక కొక్కెం ఉంది. చడీ చప్పుడూ లేకుండా అన్నారు గానీ, ఇంత మంచి సంగతి నా నోట్లో ఆగలేదు. ఆఫీసంతా చెప్పేశాను.

మా అధికారి గారు మీ పట్టిక మొత్తం ఒక పూటంతా చదివారు. ‘ఇదీ మనిషి చేసే పని’ అన్నారు. ఆయన ఎవరినీ మెచ్చుకోగా నేను చూడలేదు. మీకు సన్మానం చెయ్యాలని నిర్ణయించారు.

అసలు వార్త ఇంకా ఉంది. మీ ఏటికి అవతల గట్టున, ఆ పల్లపు బీట్లో కొత్త ప్రాథమిక పాఠశాల కడుతున్నారుట. నేల ఎంత ఎత్తున ఉండాలో తేల్చుకోవడానికి ఇంజనీర్లు మా సైటుకే వచ్చి, ఖాళీల్లేని డేటా ఏదా అని చూసి, మీదే తీసుకున్నారు. ముప్పయ్యొక్క ఏళ్ళలో అన్నిటికన్నా పెద్ద నీరు 3.90 కదా? అందుకని నేల 4.50 దగ్గర పెడుతున్నారు. మీ అంకెల మీద బడి లేస్తోంది బాబాయి గారూ! శంకుస్థాపన రోజునే మీ సన్మానం. వచ్చే నెల ఇరవయ్యో తారీకు.

సంతోషంతో,
మీ అమ్మాయి

తా.క. జ్ఞాపిక మీద ‘ఒక్క పూటా తప్పని చూపు’ అని చెక్కిస్తున్నాం. బాగుందా?

* * *

అమ్మాయికి,

ఆపించు.

నేను సన్మానానికి తగను. నా అంకెలు బడి బరువు మోయలేవు. నాకు ఒంట్లో బాగాలేదు, ఇరవయ్యో తారీకున కూడా బాగుండదు. చెక్కించడం వెంటనే ఆపించు. శంకుస్థాపన కూడా ఆపించు. ఆ పల్లంలో వద్దని చెప్పు. చేతులు జోడించి అడుగుతున్నాను.

బాబాయి

తా.క. ఫ్రేము అందింది. మా ఆవిడ హాల్లో, సరిగ్గా నా కుర్చీకి ఎదురుగా తగిలించింది.

* * *

బాబాయి గారికి,

మీ ఉత్తరం మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరికీ చదివాను. ‘నా అంకెలు బడి బరువు మోయలేవు’ అన్న చోట ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. పండిన చెట్టుకే వంపెక్కువ అన్నారు మా అధికారి గారు. ఇంత వినయం ఈ రోజుల్లో దొరకదని, శంకుస్థాపనలో మొదటి ఇటుక మీ చేతే పెట్టించాలని అప్పటికప్పుడు పై ఆఫీసుకి రాశారు. వాళ్ళు ఒప్పుకున్నారు.

పల్లం గురించి భయపడకండి. మీ అంకెలుండగా భయమేమిటి? ఒంట్లో బాగాలేదన్నారు కాబట్టి కారు పంపిస్తున్నాం. మీ గురించి అయిదు నిమిషాల చిన్న చిత్రం కూడా తీస్తారుట. పొద్దున ఆరింటికి మీరు కొలరాయి వైపు నడుస్తున్నట్టు, సూర్యుడు వస్తున్నట్టు.

ఆహ్వాన పత్రం జతచేశాను. వద్దనకండి.

మీ అమ్మాయి

తా.క. జ్ఞాపిక చెక్కడం ఆపలేకపోయాను. ‘చూపు’ దాకా వచ్చేసిందిట.

* * *

చిరంజీవి అమ్మాయికి,

ఈ ఉత్తరం భోజనాల దగ్గర చదవకు. ఒక్కదానివే కూర్చుని చదువు. తర్వాత ఎవరికి చదివి వినిపించాలో నువ్వే తేల్చుకో.

ఆ ఎనిమిది అంకెలూ అబద్ధం. నేను తీయించమన్నది అచ్చు తీయించమని కాదు. అందులోంచి తీసేయించమని. తెలుగు కూడా నన్ను మోసం చేసింది, లేదా నేను దాని చాటున దాక్కున్నాను. ‘చెరిపెయ్యండి’ అని రాయడానికి చెయ్యి రాలేదు.

ఆరో ఏడు, తొమ్మిదో తారీకు పొద్దున రీడింగు రాయబోతుంటే లారీ డ్రైవరొకడు వచ్చి, మా ఆవిడకి నొప్పులు మొదలయ్యాయని, బిడ్డ అడ్డం తిరిగిందంటున్నారని చెప్పాడు. ఆవిడ పుట్టిల్లు అరవై మైళ్ళు. సెలవు కోసం ఆఫీసుకి రాసి జవాబొచ్చేలోపు బిడ్డకి పేరు పెట్టే వేళవుతుంది. పడవ నడిపే పెద్దాయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. “అన్నా, నాలుగు రోజులు నీళ్ళు చూసి పెట్టు,” అన్నాను. “నాకు అంకెలు రావు కదయ్యా,” అన్నాడు. “ఎక్కడి దాకా వచ్చాయో గుర్తుపెట్టుకో చాలు,” అని అదే లారీ ఎక్కేశాను.

అక్కడ మూడు రోజులు చావుబతుకులు. నాలుగో రోజు అమ్మాయి పుట్టింది. తల్లీ బిడ్డా దక్కారు. పదమూడో తారీకు తెల్లవారేసరికి వచ్చి పడితే మెట్ల నిండా మోకాలి లోతు బురద. అవతలి పల్లం పల్లమంతా ఇసుక మేట.

“అన్నా, ఏమైంది?” అన్నాను.

“పదో తారీకు మధ్యాహ్నం ఎగువన మబ్బు తెగింది. నిలువెత్తున వచ్చింది. మళ్ళీ తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు దిగిపోయింది. గుర్తుపెట్టుకోమన్నావుగా, పెట్టాను,” అన్నాడు.

చూపించాడు. నీళ్ళు మెట్ల పైనున్న వాళ్ళింటి గుమ్మంలోకి వచ్చి ఎక్కడ ఆగాయో సరిగ్గా అక్కడ ద్వారబంధానికి మేకు కొట్టాడు. నడుం లోతు నీళ్ళలో నిలబడి కొట్టాడమ్మా. అప్పుడు అవతలి పల్లంలో ఇళ్ళు లేవు, మనుషులు లేరు. అక్కడ మేస్తున్న ఆయన మేకలు మూడు కొట్టుకుపోయాయి, అంతే. అందుకని ఎవరూ పైకి రాయలేదు. రాయవలసినవాణ్ణి నేను.

ఆ మేకు కొలిచి రాయొచ్చు. కానీ రాస్తే, ‘ఇంత నీరొస్తే వెంటనే కబురెందుకు పంపలేదు, నువ్వెక్కడున్నావు’ అంటారు. కొత్త సంసారం, కొత్త బిడ్డ. తొమ్మిదికి ముందు రోజు అంకె చూశాను, పదమూడో రోజు అంకె చూశాను, మధ్యలో ఎనిమిది అంకెలు మెట్లు కట్టినట్టు కట్టేశాను. రేపు ధైర్యం చేసి దిద్దుతాననుకున్నాను. మర్నెల తనిఖీకొచ్చిన అధికారి రిజిస్టరు తిరగేసి, “ఖాళీ లేని రిజిస్టరు ఇప్పుడే చూస్తున్నానయ్యా,” అని భుజం తట్టాడు. ఆ తట్టుడుతో నా నోరు పడిపోయింది. ఆ తర్వాత ఇరవయ్యయిదేళ్ళు జ్వరమొచ్చినా వెళ్ళాను, కాలు విరిగితే కర్ర పట్టుకుని వెళ్ళాను. భక్తి కాదు తల్లీ. తేలు కుట్టిన దొంగకి కేక వేసే వీలు ఎక్కడుంది? మా అమ్మాయి పుట్టినరోజు వచ్చినప్పుడల్లా ఇంట్లో అందరూ నవ్వుతుంటే నేను ఆ ఎనిమిదీ లెక్కపెట్టుకునేవాణ్ణి.

ఇంటర్నెట్ క్లాసులో వెతుకుతానన్నది గర్వంతో కాదు. పోయి ఉంటాయేమో అన్న ఆశతో. ఉన్నాయని తెలిశాక, ఎవరూ చూడరులే అనుకున్నాను. నువ్వు బడి కడుతున్నారని రాసిన రోజు అన్నం మెతుకు దిగలేదు.

పడవ పెద్దాయన పోయి చాలా కాలమైంది. ఆయన కూతురు అదే ఇంట్లో సైకిళ్ళు బాగుచేసే కొట్టు పెట్టుకుంది. నిన్న వెళ్ళి అంతా చెప్పాను. ఆ పిల్ల లేచి వెళ్ళి ఆ మేకు మీద వేలు పెట్టింది. “మా నాన్న ఆ మేకు పీకనిచ్చేవాడు కాదు. రంగులేసేవాళ్ళని తిట్టేవాడు. ఎందుకో మాకు తెలీదు,” అంది. తాపీవాళ్ళు మట్టం సరిచూడడానికి వాడే నీళ్ళ గొట్టం తెచ్చి, ఒక కొస ఆ పిల్ల మేకు దగ్గర పట్టుకుంది, ఒక కొస నేను కొలరాయి దగ్గర పట్టుకున్నాను. మూడుసార్లు కొలిచాం. అయిదు మీటర్ల ముప్పయ్యయిదు. ఈసారి చూసి రాస్తున్నాను.

మీ 4.50 నేల మీద అంటే, ఒకటో తరగతి పిల్లల ఛాతీ దాకా.

అంకెలతో పాటు నా పేరు మీదున్న మంచినంతా తీసెయ్యండి. శిక్ష ఏదుంటే అది వెయ్యండి. బడి మాత్రం అక్కడ కట్టొద్దు.

ఇట్లు,
నాలుగు రోజులు తప్పినవాడు

తా.క. మా ఆవిడకి కూడా నిన్ననే చెప్పాను. “అమ్మాయి పుట్టినరోజు నాడు మీరు అదోలా ఉంటే, ముప్పయ్యేడేళ్ళుగా మా పుట్టింటివాళ్ళు మర్యాద చెయ్యలేదన్న కోపమనుకున్నాను. అందుకని మా అన్నయ్యని ఒక్క పుట్టినరోజుకీ పిలవలేదు,” అంది. ఇప్పుడు ఆయనకి కూడా ఒక ఉత్తరం రాయాలి.

* * *

బాబాయి గారికి,

జవాబు ఆలస్యమైంది. రాయడానికి కాదు, పరిగెత్తడానికి సరిపోయింది.

మీ ఉత్తరం ఒక్కదాన్నే చదివాను. తర్వాత తీసుకెళ్ళి మా అధికారి గారి ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, కిటికీ వైపు చూస్తూ, “ఇంజనీర్లకి ఇప్పుడే ఫోను చెయ్యి,” అన్నారు.

ఇంజనీర్లు మొదట నమ్మలేదు. ‘అయిదు నక్షత్రాల డేటా పక్కనపెట్టి మేకు మాట వినాలా’ అన్నారు. అయినా వచ్చారు. మీరు ఆ రోజు లైబ్రరీలో ఉన్నారుట, సైకిల్ కొట్టు అక్క వాళ్ళని మేకు ముందు నిలబెట్టి, “మూడు మేకలు పోయిన చోట ఎంతమంది పిల్లల్ని కూర్చోబెడతారు?” అని అడిగిందిట. అవతలి పల్లంలో నాలుగు చోట్ల గుంటలు తవ్వారు. మట్టి కింద జానెడు మందాన ఏటి ఇసుక వచ్చింది. నాలుగు గుంటల్లోనూ.

బడి పై గట్టుకి మారింది. పల్లంలో ఆటస్థలం ఉంటుంది. సన్మానం రద్దయింది, కారు రాదు, చిత్రం తీయరు. మిమ్మల్ని శిక్షించడానికి మీ తప్పు ఏ నియమం కిందికి వస్తుందో వెతకమంటే నేనే వెతికాను. ఏమీ దొరకలేదు. ఈ విషయంలో మాత్రం పెట్టె మీద నాకు కోపం లేదు.

మీ ఎనిమిది అంకెలూ తీసేశాం, ఈసారి మీ అర్థంలో. ఇప్పుడు అక్కడ ఎనిమిది ఖాళీలున్నాయి. కింద ఇలా రాశాం: ‘ఈ నాలుగు రోజులూ పరిశీలకుడు కేంద్రంలో లేరు. మొదట నమోదైన అంకెలు ఊహించి రాసినవని ఆయనే తెలియజేశారు. పదో తారీకు గరిష్ఠ మట్టం 5.35, పడవ నడిపే వ్యక్తి పెట్టిన గుర్తు ప్రకారం.’ నక్షత్రం ఒకటి తగ్గింది. మీరు కోరుకున్నదే.

ఇప్పుడు మీకు తెలియాల్సిన సంగతి. నా నివేదికలో నాకు అంతుపట్టని గుంపొకటి ఉండేది. వాళ్ళు మామూలువాళ్ళలా రెండు మాటలు కొట్టి వెళ్ళిపోరు. ఓపిగ్గా వెతికి వెతికి ఒక కేంద్రం తెరుస్తారు. ఇరవై, ముప్పై ఏళ్ళ కిందటి ఒక్క తారీకు దగ్గరికి వెళ్తారు. పట్టికలో ఆ వరుస చూస్తారు. ఏమీ దించుకోకుండా మూసేస్తారు. కొన్నాళ్ళకి మళ్ళీ వస్తారు, అదే వరుసకి. వర్షపాతం పట్టికల్లో, పంట దిగుబడుల్లో, ఆసుపత్రి లెక్కల్లో, అన్నిట్లోనూ ఉన్నారు. ‘వెతకడం సరిగ్గా రానివారు’ అని రాసి పక్కన పెట్టాను.

మీ గమనిక సైటులో పెట్టిన పది రోజులకి మొదటి ఉత్తరం వచ్చింది. ఇప్పటికి పదకొండు. అందరూ రిటైరైనవాళ్ళే. ఒకావిడ గాలి వేగం చదివేవారు, పరికరం పాడైతే తన చీరకొంగు ఎగిరేదాన్ని బట్టి మూడు వారాలు రాశారుట. ఒకాయన చెరువులో బాతుల్ని లెక్కపెట్టేవారు, ఒక ఏడాది వెళ్ళలేక కిందటేడు లెక్కకి పదమూడు కలిపారు. ‘పదమూడు ఎందుకంటే పది కలిపితే అనుమానమొస్తుందని’ అని రాశారు. అందరి ఉత్తరాల్లోనూ చివరికి ఒకటే ప్రశ్న: ‘ఆ నీటిమట్టం ఆయన్ని ఏం చేశారు?’

వాళ్ళకి నేను ఆఫీసుని. నాకు సగమే చెబుతారు. మీకైతే మొత్తం చెబుతారు. అందుకని పదకొండు ఉత్తరాలూ ఈ కవరులో పెట్టి పంపుతున్నాను. జవాబులు మీరు రాస్తారా? తొందరలేదు. ఎవరినీ ఏమీ చేయలేదని ముందు చెప్పండి, తర్వాత మేకులాంటిదేమైనా ఉందేమో అడగండి.

పిన్నిగారికీ, ఆవిడ అన్నయ్యగారికీ నమస్కారాలు.

మీ అమ్మాయి

తా.క. కవరు అంటించబోతుంటే పన్నెండోది వచ్చింది. పేరు లేదు. స్టాంపు అంటించి, మా ఊరి పోస్టాఫీసులోనే వేశారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాన కొలిచేవాణ్ణని, ప్రేమించిన అమ్మాయి పెళ్ళి అవుతున్న వారం మేడ ఎక్కి గిన్నె చూడలేదని, ఏడు రోజులూ సున్నాలు వేశానని ఉంది. ఆ చేతిరాత నేను ఎనిమిదేళ్ళుగా నా సెలవు చీటీల మీద చూస్తున్నదే. ఆయన పక్క గదిలోనే ఉన్నారు. లేచి వెళ్ళి తలుపు కొట్టాలా, జవాబు పోస్టులో పంపాలా అని పొద్దుట్నుంచీ ఆలోచిస్తున్నాను. మీరేమంటారు?